రోడ్ ఐలండ్ కుర్చీ

“డ్రెస్సొద్దు బాపూ. నీ దుకాణంల కుర్చీ ఇయ్యి, చాలు,” అంది సింధూజ.

భూమేశ్ అనుమానంగా చూశాడు. అరబ్బు దేశంలో, వాడి కబీర్ అనే పేటలో పాత కార్ల సామాన్లు అమ్మే మనిషికి ఖర్చు లేని కోరిక ఎదురైతే ఎక్కడో తేడా ఉందనిపిస్తుంది. సింధూజ తోటి పిల్లల తల్లిదండ్రులు స్కూలు నాటకానికి పొడుగు కోట్ల కోసం, తెల్ల విగ్గుల కోసం రూవీ బజారంతా తిరుగుతున్నారు.

“ఇంతకు నాటకమేంది?”

“అమెరికా. స్వతంత్రం అచ్చిన కొత్తల. పదమూడు రాష్ట్రాలు, ఎవలి దుకాణం వాళ్లదే. ఒకల సరుకు ఇంకొకల గడప దాటితె సుంకం. అందరికి కలిపి ఒక చిన్న పన్ను ఏద్దామంటె ఒక్క రాష్ట్రం వద్దన్నది. అందరు ఒప్పుకుంటెనే చెల్లుతదాయె, ఆగిపోయింది. ఇగ రూల్సే మార్చాలని సభ పెట్టుకుంటరు.”

“అడ్డం పడ్డదేది?”

“రోడ్ ఐలండ్. అన్నిట్ల చిన్నది. అది నేనే. మేడంను అడిగి తీస్కున్న.”

భూమేశ్‌కు ఆ రాష్ట్రం నచ్చింది. పెద్ద మాల్ పక్కనే షట్టర్ దించకుండా నిలబడ్డ చిన్న దుకాణంలా అనిపించింది. భయమూ వేసింది. నిరుడు ఇదే స్కూలు స్టేజీ మీద సింధూజ నోరు పెగలక నిలబడిపోతే హాలంతా నవ్వింది. అప్పటి నుంచి క్లాసులో చెయ్యెత్తడం కూడా మానేసింది. ఈసారీ అలాగే అయితే పిల్ల ఇక నలుగురిలోకి రాదని అతని భార్య గంగామణి బెంగ.

“ఒక్క ముక్క చదువుతలేదు నీ బిడ్డ,” అని ఆమె రోజూ పోరేది.

“నాకంత అచ్చు అమ్మా,” అనేది సింధూజ. ఒకసారి మాత్రం తండ్రిని అడిగింది. “బాపూ, బేరం నచ్చకుంటె ఏమంటవ్?”

“అనుడెందుకు? లేచి పోత. పోయెటోన్నే అందరు ఎనకకు పిలుస్తరు.”

సింధూజ నవ్వింది.

నాటకం గురువారం సాయంత్రం, వారాంతపు సెలవు ముందు గిరాకీ బాగా ఉండే వేళ. అయినా భూమేశ్ షట్టర్ దించి, కుర్చీని పికప్‌లో వేసుకుని వెళ్లి స్టేజీ వెనక స్వయంగా దింపి, వచ్చి హాల్లో కూర్చున్నాడు.

తెర లేచింది. పన్నెండు కుర్చీల్లో విగ్గులు పెట్టుకున్న పిల్లలు. సరిగ్గా మధ్యలో భూమేశ్ కుర్చీ. దానికి రోడ్ ఐలండ్ అన్న అట్ట వేలాడుతోంది. అందులో మనిషి లేడు.

“అయ్యో, పొల్ల మల్ల బెదిరింది,” గంగామణి అతని చెయ్యి పట్టుకుంది.

వర్జీనియా రాష్ట్రం వేషంలోని కుర్రాడు లేచి ఆ కుర్చీ వైపు వేలు చూపించాడు. “ఈ మొండిఘటం మన మాట ఎప్పుడు విన్నది గనక!”

హాలు ఘొల్లుమంది.

“దీన్ని బతిమాలుకుంటూ ఇంకెన్నాళ్లు ఆగుదాం?” అంటూ ఇంకో రాష్ట్రం పిల్ల ఆ కుర్చీ ముందు మోకరిల్లింది. మళ్లీ నవ్వులు.

ఆ నవ్వులన్నీ భూమేశ్‌కు నిరుటి నవ్వులాగే తగిలాయి. మూసిన దుకాణం, పోయిన గిరాకీ, అన్నీ నష్టం కింద వదులుకోగలడు. బిడ్డను వదులుకోలేడు. లేచి స్టేజీ పక్క తలుపు తోసుకుని వెళ్లాడు.

సింధూజ స్కూలు యూనిఫాంలోనే మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

అతను పక్కన కూలబడి తల నిమిరాడు. “ఏడ్వకు బిడ్డా. భయమైతె అయింది తియ్యి. నాటకం పోతె పోనీ. మీ మేడంతోని నేను మాట్లాడ్త. పా, ఇంటికి పోదాం.”

సింధూజ తలెత్తింది. ఆపుకోలేని నవ్వుతో ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“నిజంగ ఆ సభకు రోడ్ ఐలండ్ పోనేలేదు బాపూ!”