ఎదురు దిశ

తోసిన తోపుకి గేటు గడియ ఊడి కింద పడింది.

"టీచరమ్మా! బయటికి రండి!"

గణపతిరావు కేకకి ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఆ వరస క్వార్టర్లన్నీ తలుపులు తెరిచాయి.

ఆయన లెక్కల మాస్టారు. ఎనభై తొమ్మిదిలో తెలుగు సంఘం పెట్టిన సైన్సు పోటీలో ఆయన కూతురు కోటేశ్వరికి ఒక్క మార్కులో మొదటి స్థానం పోయింది. దాంతో కలకత్తాలో వేసవి శిక్షణా పోయింది. పిల్ల అన్నం ముట్టడం లేదు.

పేపర్లు దిద్దిన సూసన్న, ఆ ఏడే బదిలీ మీద వచ్చిన బయాలజీ టీచరు, వాకిట్లోకి వచ్చింది.

"డీఎన్ఏలో రెండు పోగులూ సమాంతరమని రాసింది మా పిల్ల. పక్కపక్కనే పోతాయి, దూరం మారదు. సమాంతరం కాక మరేటి?"

"వ్యతిరేక సమాంతరం, మేస్టారూ. ఒకటి ఇటు పోతే రెండోది అటు పోతాది. అలా ఎదురెదురుగా పోతేనే రెండింటికీ జత కుదురుతాది."

"నాకు పాఠం చెప్తారేటి?"

"మీకు తెలీనిదా? రెండు వెక్టర్లు సమాంతరంగానే ఉండి, బాణాలు ఎదురు దిశల్లో ఉంటే మైనస్ పెడతారు. అది మరిచిపోతే మార్కు ఇస్తారా?"

ఇవ్వడు. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. అది గుర్తొచ్చి ఆయనకి ఇంకా మండింది.

"రాతిగుండె మీది! బిడ్డ ఏడుస్తుంటే ఎలా ఉంటాదో మీకేటి తెలుసు?"

సూసన్న లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

గణపతిరావు ఊరుకోలేదు. ఆవిడుంటే పిల్లల్ని పోటీలకి పంపేది లేదని తల్లిదండ్రుల చేత చెప్పించాడు. సంఘం ఆమెని పేపర్లు దిద్దే పని నుంచి తప్పించింది. సెలవుల్లో సూసన్న మళ్లీ బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది.

స్కూళ్లు తెరిచాక, పేపర్లు దిద్దుతూ మైనస్ లేని జవాబొకటి అలవాటుగా కొట్టేశాడు గణపతిరావు. కొట్టేసి, పెన్ను మూత పెట్టి లేచాడు.

సూసన్న అడ్రసు కోసం పక్కింటి కృపమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఏటికి మేస్టారూ? ఇంకా తిట్టాలేటి?" ఆమె గొంతులో మంట.

"క్షమించమని అడగాలి."

"అయితే ఆ పిల్లని కూడా అడగండి."

"ఏ పిల్ల?"

"సుభాష్‌పల్లిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి సదువుకుంటాది, రూతు. మీ పిల్లతో సమానంగా మార్కులొచ్చినాయి కదా. మీ పిల్ల రాసిన తప్పే అదీ రాసినాది. పేపరు మీద నంబరే ఉన్నా, దస్తూరీ సూడగానే టీచరమ్మకి తెలిసిపోనాది. అయినా కొట్టీసినాది. కొట్టీసి, నా దగ్గరికొచ్చి ఏడ్సినాది."

"ఆవిడెందుకు ఏడవడం?"

"ఏడవకుండా ఎలాగుంటాది మేస్టారూ, కన్నకూతురాయె."