విడిచిన మందు

"ఏది లేకుండా ఒక్కరోజు కూడా బతకలేమనుకుంటున్నారో, ఈ నలభై దినాలు దాన్నే విడిచిపెట్టండి."

భస్మ బుధవారం నాడు పాస్టర్ అరవింద్ చేసిన ప్రసంగంలోని మాట ఇది. గద్వాల నుంచి బిజినేపల్లి అవతల ఉన్న ఈ ఊరి చర్చికి వచ్చి పట్టుమని నెల కాలేదు. వచ్చీ రాగానే ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల శ్రమకాలం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మంచి ఊపు మీద ఉన్నాడు. విడిచింది ఏదైనా సరే, ఈస్టరు నాడు తెచ్చి దేవుని బల్ల మీద పెట్టాలని కూడా అన్నాడు.

ఒక్కొక్కరే లేచి చెప్పారు. చంద్రశేఖర్ కోడికూర విడిచాడు. ఉష టీవీ సీరియళ్లు విడిచింది. యాదమ్మ కాకరకాయ విడిచింది. అది ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గిట్టదని ఊరందరికీ తెలుసు.

చివర్న, వెనక చాప మీంచి జంగయ్య లేచాడు. అరవై దాటిన మనిషి. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పి ఎరగడు.

"నేను మందు ఇడుస్త అయ్యగారూ."

అరవింద్ కళ్లు చెమర్చాయి. తన తండ్రిని మింగింది మందే. వీధిలో పడిపోయిన తండ్రిని పదేళ్ల వయసులో ఇంటికి ఈడ్చుకొచ్చిన చేతులు తనవి. ఆయన్ను దక్కించుకోలేకపోయాడు. ఈ మనిషినైనా దక్కించుకోవాలి.

"ఎన్నేండ్ల సంది అలవాటన్నా?"

"పదకొండేండ్లు. పొద్దుమాపు పడాలె. బిడ్డ పెండ్లి నాడు గూడ తప్పలే."

అరవింద్ అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

మర్నాడు జంగయ్య భార్య ఈరమ్మ వచ్చింది. గడప బయటే నిలబడి కొంగు నలుపుతూ అంది.

"అయ్యగారూ, మీరన్న జర చెప్పుండ్రి. ఒక్కసారే బంద్ పెట్టొద్దని. ఒక పూటన్న పడనియ్యుండ్రి."

అరవింద్‌కు ఒళ్లు మండింది. మనిషిని చెడగొట్టేది ఇంట్లోవాళ్ల ఈ జాలే. తన తల్లీ ఇట్లాగే గ్లాసు కడిగి మరీ తండ్రి చేతికి అందించేది.

"దేవునికి మాటిచ్చినంక బేరాలు ఉండయమ్మా. నీ జాలే ఆయనను చంపుతది."

ఈరమ్మ ఏదో అనబోయింది. అయ్యగారి మాటకు ఎదురు చెప్పడం చేతగాక తలొంచుకుని వెళ్లిపోయింది.

వారం గడిచాక అరవింద్ వాళ్లింటికి వెళ్లాడు. ఇంటి మూలన తడి ఇసుకలో సగం పాతిన కుండ, దాని మీద తడిగుడ్డ. జంగయ్య దాన్నే చూపించాడు.

"అండ్లనే ఉన్నది అయ్యగారూ. మూత గూడ తియ్యలే."

"కండ్ల ముందు ఉంటే మనసు గుంజుతది. పారేయన్నా."

"ఎట్ల పారేస్త? ఈస్టరు నాడు దేవుని ముంగట పెట్టాలె గద."

ఆ మాట అరవింద్‌కు ఎంతో నచ్చింది. ఆదివారం ప్రసంగంలో జంగయ్య పేరెత్తి మెచ్చుకున్నాడు కూడా.

మూడో వారానికి జంగయ్య సగమయ్యాడు. చెంబులకు చెంబులు నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. నాలుగు అడుగులు వేస్తే కాళ్లు వణుకుతున్నాయి.

"ఒక్కపారి పడితే సర్దుకుంటది అయ్యగారూ" అన్నాడు, అడిగీ అడగనట్టు.

"ఆ మాట నీది కాదు, సైతానుది. ఒళ్లు గట్లనే కొట్లాడుతది. ఓర్చుకో."

జంగయ్య ఓర్చుకున్నాడు.

ఇరవై రెండో రోజున ఇద్దరూ పక్కపక్కనే మోకరించి ప్రార్థిస్తుంటే, జంగయ్య నోట్లోంచి మాగిన పండ్ల వాసన గుప్పుమంది. అరవింద్ చటుక్కున కళ్లు తెరిచాడు.

"మళ్ల ముట్టినవా అన్నా?"

"దేవుని తోడు, ముట్టలే."

అరవింద్ నమ్మలేదు. తండ్రి కూడా రోజూ ఇట్లాగే ఒట్టేసేవాడు. లేచి వచ్చేశాడు. వెనక జంగయ్య చాలాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

ఇరవై ఆరో రోజు పొద్దున ఎంత కుదిపినా జంగయ్య లేవలేదు. ఆటోలో వేసుకుని నాగర్‌కర్నూల్ దవాఖానకు బయలుదేరారు. బిజినేపల్లి దాటకముందే ప్రాణం పోయింది.

సమాధి దగ్గర అరవింద్ జనం వైపు తిరిగాడు.

"మన జంగయ్యన్న తాగుడును జయించి దేవుని దగ్గరికి పోయిండు."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు.

మట్టి వేసి అందరూ వెళ్లిపోయాక ఈరమ్మ చర్చికి వచ్చింది. చేతిలో నీళ్లోడుతున్న తడిగుడ్డ మూట.

"ఈస్టరు దాంక దీన్ని నా ఇంట్ల పెట్టుకోలేను అయ్యగారూ. ఆయన ఇడిచిన మందు. మీరే దేవుని ముంగట పెట్టుండ్రి."

అరవింద్ మూట విప్పాడు.

లోపల, "ఒక్కరోజు కూడా మానరాదు" అని డాక్టరు రాసిచ్చిన చీటీ కింద, చల్లగా, సీలైనా విప్పకుండా, జంగయ్య షుగరుకు రెండు పూటలా పొడిచే నాలుగు ఇన్సులిన్ సీసాలు ఉన్నాయి.