పెద్ద మానిటర్

"గేమింగ్‌కి అన్నిటికన్నా పెద్ద మానిటర్ ఇవ్వు" అన్నాడు కోదాడ నుంచి వచ్చిన ధనుంజయ్.

సూర్యాపేట దుకాణంలో కౌంటర్ వెనకున్న స్వప్నను అతను గుర్తుపట్టలేదు. "ఆడపిల్లకి ఆటలెందుకు" అని కాలేజీ గేమింగ్ టీమ్‌లోంచి తనే తీసేసిన పిల్ల అతనికెందుకు గుర్తుంటుంది?

ఆమె మాత్రం మరిచిపోలేదు. అయినా నిజమే చెప్పింది.

"పెద్దది సినిమాలకు మంచిగుంటది సార్. ఆటకైతే గీ చిన్నదే నయం. బొమ్మ ఆగకుండ ఉరుకుతది, ధర గూడ తక్కువ."

"గేమింగ్ గురించి నువ్వా నాకు చెప్పేది? రేపు ఆన్‌లైన్ ఫైనల్ ఉంది. పెద్దదే ప్యాక్ చెయ్యి."

"ఎవరితోని సార్ ఫైనల్?"

"ఎవడో మీ సూర్యాపేటోడంట. మొహం చూపించడు, గొంతు వినిపించడు."

స్వప్న పెద్దదాన్ని గీత పడకుండా ప్యాక్ చేసి ఇచ్చింది. అతను మెట్లు దిగగానే, రేపటి ఫైనల్ కోసం ఆ చిన్నదాన్ని తన స్కూటీకి కట్టుకుంది.