గిన్నెడు ఉగ్గు

పాప మళ్ళీ ఉమ్మేసింది.

నాగలక్ష్మమ్మ కొంగుతో ఆ చిన్న గడ్డం తుడిచి, ఇంకోసారి వేలితో ఉగ్గు పెదవికి అంటించింది. పాప మొహం తిప్పుకుంది. ఏడ్చే ఓపిక కూడా లేదు. గొంతులోంచి పిల్లికూన మూలిగినట్టు సన్నటి శబ్దం మాత్రం వచ్చింది.

తల్లి విషజ్వరంతో పోయినప్పటి నుంచీ ఇదే వరస. డబ్బా పాలు పడలేదు. మేకపాలు పట్టిస్తే కక్కింది. విరేచనాలు పట్టుకుని బిడ్డ పుల్లలా అయిపోయింది. మైదుకూరు డాక్టరు సెలైను ఎక్కించి వాటినైతే కట్టించాడు.

“ఇంక తిండి పోవాలమ్మా,” అన్నాడు పొద్దున. “ఇంట్లోనే మెత్తటి ఉగ్గు చేసి పట్టించు. సాయంత్రానికీ ఏమీ తీసుకోకపోతే కడప పెద్దాసుపత్రికి ఎత్తుకుపోండి. ఆలస్యం చేస్తే దక్కదు.”

రాగులు ముందే నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి ఉంచింది. ఇంటికి రాగానే వాటిని సన్నసెగ మీద వేయించింది. పెసరబ్యాళ్ళు విడిగా వేయించింది. మిక్సీ వేద్దామంటే కరెంటు లేదు. విసుర్రాయి ముందు కూర్చుని, జబ్బలు పీకుతున్నా ఆపకుండా విసిరింది. పాతచీర ముక్కలో జల్లించింది. బుగ్గకు రాసుకుని చూసింది. గరుకు తగిలితే మళ్ళీ జల్లించింది.

ఇంతా చేస్తే, పాప నోట్లో పెట్టుకోలేదు.

“చిక్కనయ్యిందేమో అక్కా,” అంది పక్కింటి సోమక్క గడపలో చతికిలబడి. “అయినా నీకెందుకీ తిప్పలు? ఈ వయసులో నీతో అయితాదా? శిశువిహారమోళ్ళకు అప్పజెప్పరాదూ?”

“ఏడుపు ఇనుకుంటా ఎట్ల ఊరకుండేది?”

“తల్లి తరపోళ్ళు రాలేదా?”

“ఎస్టీడీ బూతు కాడికి పోయి ఫోన్ చేసినా. మాకొద్దని పెట్టేసినారు.”

సోమక్క పాప మీదికి వంగి చూసింది. “పాపం. వాళ్ళ నాయన మొగం అచ్చు గుద్దినట్టు ఉండాది.”

వసారాలో మంచం మీదున్న నరసింహ ఆ మాట విన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పెళ్ళాం వైపు చూడకుండా పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

పాపను ఇంటికి తెచ్చిన నాటి నుంచీ అతను దాన్ని ముట్టుకోలేదు. ఏడుపు వినబడితే లేచి పోతాడు. గోడకున్న కొడుకు అవినాష్ పటాన్ని తప్ప ఆ ఇంట్లో దేన్నీ కన్నెత్తి చూడడం మానేశాడు.

నాగలక్ష్మమ్మ మళ్ళీ పొయ్యి రాజేసింది. ఈసారి నీళ్ళు ఎక్కువ పోసి, ఉండకట్టకుండా కలుపుతూ పల్చగా కాచింది. చిటికెడు బెల్లం వేసింది. చల్లార్చింది. చెంచాతో పట్టిస్తే చెంపల వెంట కారిపోయింది.

ఆమె లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున, గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె బయటికి తీసింది. అవినాష్ దాంతోనే పెరిగాడు.

నీళ్ళకని వచ్చిన నరసింహ గుమ్మంలో ఆగిపోయాడు.

“ఆ గిన్నె ఎందుకు తీసినావు?”

“చెంచాతో తాగడంల్యా.”

“లోపల పెట్టు.”

“పెట్టను.”

“లక్ష్మీ, నేను సచ్చినాక తీసుకో. ముందు లోపల పెట్టు.”

ఆమె గిన్నె కడిగి ఉగ్గు పోసుకుని పాపను ఒళ్ళోకి తీసుకుంది. గిన్నె ముక్కు పెదవుల మధ్య ఉంచింది. పాప కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఆ సన్నటి మూలుగు కూడా ఆగిపోయింది.

“తినమ్మా... నీ కాళ్ళు మొక్కుతా, ఒక్క గుక్క మింగమ్మా...”

ఉగ్గు కారిపోయింది.

నాగలక్ష్మమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. “అవినాష్‌గాడు నా చేత తిన్న్యాడా ఏనాడన్నా? నువ్వే గదా ఎద్దుల కాడికి ఎత్తుకొని పొయ్యి తినిపిస్తాంటివి. నా చేత అయితాండ్లేదయ్యా. సచ్చిపోతాండాది. నీ కండ్ల ముందరే సచ్చిపోతాండాది!”

నరసింహ పటం వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తొట్టి దగ్గరికి పోయి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, ఆమె ముందు చాపాడు.

పాపను భుజానికి ఆనించుకుని కొట్టంలోకి నడిచాడు. నాగలక్ష్మమ్మ గిన్నె పట్టుకుని వెనకాలే పోయింది. ఎద్దు తల ఊపింది. మెడలో గంట మోగింది. పాప కళ్ళు తెరిచింది.

“అదో, సూడు. నిన్నే పిలుస్తాండాది,” అన్నాడు నరసింహ.

గంట మోగినప్పుడల్లా పాప నోరు కొంచెం తెరుస్తోంది. అతను పాపను మోచేతి మీదికి దించుకుని, గిన్నె అందుకుని ఒక్కో చుక్కే వంచాడు. మొదటిది కారిపోయింది. రెండోది నాలిక మీద ఆగింది. తర్వాత ఆ సన్నటి గొంతు కదిలింది. మింగింది.

నాగలక్ష్మమ్మ స్తంభానికి ఆనుకుని కూలబడిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పొద్దు వాలేసరికి గిన్నె ఖాళీ అయింది. కక్కలేదు. పాప నరసింహ ఛాతీ మీదే నిద్రపోయింది. ఆమె తీసుకోబోతే వద్దని తల ఊపాడు. కాసేపటికి పాప నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తోసి, మెల్లగా నోరు విప్పాడు.

“కొంచెం తేరుకున్నాక దీన్ని జైలుకు ఎత్తుకొని పోదాం లక్ష్మీ, మన అవినాష్‌ను పొడిచి సంపిన ఆ చేతులతోనే దీని నాయన దీన్ని ఒకసారి ఎత్తుకోనీ.”