బొత్తాలు కుట్టే పని

టైలర్ షాపు నాకు అప్పగించినా, చేతులు వణుకుతున్నా, చొక్కాలకు బొత్తాలు కుట్టే పని మాత్రం నాన్న వదులుకోలేదు.

"అందరూ నీ చేతి కుట్టే కావాలంటున్నారు నాన్నా" అని నేనూ అబద్ధమాడాను.

ఆయన భోజనానికి ఇంటికెళ్లగానే వెనక గదిలో కూర్చుని, ఆ వంకర బొత్తాలన్నీ ఊడదీసి మళ్లీ కుట్టేదాన్ని. ఏదో దొంగతనం చేస్తున్నట్టుండేది. కొన్నాళ్లుగా దారానికి ముడి వెయ్యడం కూడా మర్చిపోతున్నాడు, పాపం.

ఈరోజు కళ్లజోడు మర్చిపోయి మధ్యదారిలోంచే తిరిగొచ్చాడు. నా ఒళ్లో ఆయన కుట్టిన చొక్కా, చేతిలో కత్తెర. నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్న పక్కనే కూర్చుని, నా చేతిలోంచి కత్తెర తీసి బల్లమీద పెట్టాడు.

"ముడి వెయ్యడం మానేసి ఏడాదైంది కదా తల్లీ. లాగితే వచ్చేస్తాయి, ఇంకా కత్తెరెందుకు?"