నాలుగు నిమ్మకాయలు

కార్లన్నీ వాటంతటవే తిరిగే ఈ రోజుల్లో, స్టీరింగ్ ఉన్న కారు తెనాలిలో నాకొక్కడికే ఉంది. ఊళ్ళో ఆఖరి టాక్సీ డ్రైవరు, కాలం చేసిన మా మామగారు. ఆయన టాక్సీలోని డీజిల్ ఇంజను మా కరెంటు కారుకి బిగించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మధ్యలో ఒకసారి దాన్ని వెనకాముందూ మార్చి బిగించాను. ఆ సంగతి మా ఆవిడ విశాలాక్షి చుట్టాలందరికీ చెప్పింది.

నిన్న పొద్దున ఇంజను స్టార్టయింది. ఆ చప్పుడుకి విశాలాక్షి హారతి పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది.

"నాన్న ఇంటికొచ్చినట్టుంది," అంది.

తర్వాత టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "ఇక తొక్కించండి," అంది.

కాళ్ళ దగ్గర మూడు పెడల్స్ ఉన్నాయి. బిగించింది నేనే. దేన్నెప్పుడు తొక్కాలో మాత్రం తెలీదు. బండి రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది.

"పక్కకి జరగండి. నాకు నాన్న నేర్పాడు."

"మూడేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నడపడం రాకుండా ఎవరైనా కారు తయారుచేస్తారని నాకేం తెలుసు?"

నాలుగు నిమ్మకాయలూ చితికాయి. మూడేళ్ళ కష్టానికి నాకు పక్క సీటు దక్కింది. బెల్టు కూడా ఆవిడే పెట్టింది.