చిన్న ప్యాకెట్

"మీ సోనీ అన్నం తింటున్నదా అని అడిగింది ఒకామె."

పక్కింటి రాజమణి ఈ మాట చెప్పేసరికి అమల ఇంకా కండక్టర్ యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"ఎవరామె?"

"తెల్వది. ముసలామె. రెండు దినాల సంది మన గల్లీలనే తిరుగుతున్నది. పాప పానం ఎట్లున్నదని గూడ అడిగింది. నేనేం చెప్పలే."

ఐదేళ్ల సోనీకి పోయిన వారమే జ్వరం వచ్చి తగ్గింది. నాలుగు రోజులు బ్రెడ్డూ పాలే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ రాజమణికీ తప్ప ఎవరికీ తెలియదు.

అమలది బస్సు డ్యూటీ. భర్త డానియేలుది కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు. ఇంట్లో ఉడికేది అన్నం ఒక్కటే. మిగతావన్నీ యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి కర్రీ పాయింట్ నుంచి వచ్చేవి. డ్యూటీ దిగి వస్తూ డానియేలు తెచ్చేవాడు. పెద్దవాళ్లకు కూర, చారు. సోనీకి చిన్న ప్యాకెట్లో పప్పు.

డానియేలు రాగానే అమల విషయం చెప్పింది.

"నాక్కూడ అనుమానమే," అన్నాడతను. "మొన్న కర్రీ పాయింట్ కాడి నుంచి ఒక ముసలామె నా ఎనకాలే వచ్చింది. నేను ఆగితే ఆమె గూడ ఆగింది."

"మరి నాకు చెప్పొద్దా?"

"ముసలామె కదా అని ఊకున్న."

బస్తీ వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల కబుర్లే. నిజమా, అబద్ధమా అని ఎవరూ అడగలేదు.

మర్నాడు అమల సెలవు పెట్టింది.

సాయంత్రం స్కూల్ ఆటో చప్పుడు విని బయటికి వచ్చేసరికి, ఆ ముసలామె సోనీ ముందు వంగి, మణికట్టు పట్టుకుని చూస్తోంది.

"మస్తు చిక్కినవ్ బిడ్డా," అంటోంది.

అమల పరుగున వెళ్లి పాపను వెనక్కి లాక్కుంది.

"ఎవరు నువ్వు? నా బిడ్డతోని నీకేం పని?"

"ఏం లేదమ్మా. నాలుగు దినాలు తినలేదు కదా, ఎట్లున్నదో చూద్దామని."

"తినలేదని నీకెవరు చెప్పిన్రు?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏడ పని చేస్తవ్?"

"చెప్పొద్దన్నరమ్మా."

"ఎవరు?"

అమల ఫోన్ తీసి ఆమె ఫోటో కొట్టింది. ముసలామె మొహం తిప్పుకోలేదు. సోనీ వైపే చూస్తూ నిలబడింది.

"ఇంకోసారి ఈ గల్లీల కనబడితే పోలీసోళ్లకు పట్టిస్త."

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది.

'ఈమెతో జాగ్రత్త' అని రాసి అమల ఆ ఫోటోను గ్రూపులో పెట్టింది. గంటలో అది చుట్టుపక్కల బస్తీలన్నిటికీ చేరింది.

"మంచి పని చేసినవ్," అంది రాజమణి.

మూడో రోజు సోనీ పప్పన్నం ముద్దను ఉమ్మేసింది.

"కారం," అని ఏడ్చింది.

తర్వాతి రోజూ అంతే. ఆ మరుసటి రోజు అమలే కర్రీ పాయింట్‌కు వెళ్లింది.

"పాపకని మా ఆయన తెస్తడు కదా అన్నా, చిన్న ప్యాకెట్. ఈ నడుమ గిట్ల మండుతున్నదేంది?"

ఓనర్ బాలనర్సింహ కవర్లకు దారం చుడుతూనే చెప్పాడు.

"వంటామె మారిందక్కా."

"పాతామె ఏది?"

"తీసేసిన. గిరాకీల ఇండ్లకాడ తిరుగుతున్నదని ఫోటో వచ్చింది గ్రూపుల. మా అమ్మనే వండుతదని అందరికి చెప్పుకుంట నేను. బయట ఎవ్వరికి చెప్పొద్దని బాలమ్మకు ఎన్నిసార్లు చెప్పిన్నో."

అమల లోపలి వంటగది వైపు చూసింది.

"ఇప్పుడు ఏడుంటది?"

"పురానాపూల్ దిక్కు రూం ఉండె. కొత్తామెకు చెయ్యి కుదురుత లేదని మల్ల పిలుద్దామని పోయిన. ఖాళీ చేసి పోయింది. ఏడికి పోయిందో ఎవ్వరికి తెల్వది."



"కనీసం పాపకు కారం లేని పప్పు ఇదివరకు లెక్క వేరే వండియ్యన్నా."

బాలనర్సింహ దారం పక్కన పెట్టి తలెత్తాడు.

"మా దగ్గర వేరే పప్పు ఎన్నడు లేదక్కా. అందరికి ఒక్కటే గిన్నె. మీ సారు పాప కారం తినదని చెప్తుంటే బాలమ్మ లోపల నుంచి విన్నది. మొన్న నాలుగు దినాలు ఆయన చిన్న ప్యాకెట్ వద్దంటే పాపకేమైందోనని ఆగమాగమైంది."

"మరి ఆ పప్పు?"

"ఆమె పూట తిండికని మేమిచ్చే పప్పే అక్కా అది, కారం పడకముందే తీసి మీ పాపకు కట్టి, తను ఒట్టి చారు పోసుకుని తినేది."